ఈమెయిల్ డేటా ఫైళ్ల బ్యాకప్, పునరుద్ధరణ

కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను చెరిపి మళ్లీ వేసే ముందు ఉత్తరాలున్న ఫైళ్లను వేరొక చోట దాచడం ఈమెయిల్ బ్యాకప్. కొత్తగా వేసిన వ్యవస్థలో మెయిల్ ప్రోగ్రామ్ ఆ ఫైళ్లను చదివేలా అమర్చడం పునరుద్ధరణ, వాడుకలో రిస్టోర్. చిరునామాల పుస్తకం, క్యాలెండర్, ఉత్తరాలను విడదీసే రూల్స్, సంతకాలు, ఖాతా సెట్టింగులు కూడా దీని పరిధిలోకే వస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిరిగి వేయడాన్ని రీఇన్‌స్టాల్ అంటారు. తెలుగునాట కంప్యూటర్ షాపుల్లో దీనికి స్థిరపడిన మాట ‘ఫార్మాట్ కొట్టడం’. సిస్టమ్ నెమ్మదించినా, వైరస్ పట్టినా, విండోస్ తెరుచుకోకపోయినా చివరికి చేసేది ఆ పనే.

ఈమెయిల్ బ్యాకప్‌ను మిగతా ఫైళ్ల బ్యాకప్ నుంచి వేరుగా చూడాల్సి రావడానికి కారణం అది ఉండే చోటు. ఫొటోలు, వర్డ్ ఫైళ్లు వాడుకరి తానే ఎంచుకున్న ఫోల్డర్లో ఉంటాయి. ఉత్తరాల ఫైలును మాత్రం ప్రోగ్రామ్ తనకు తోచిన చోట, చాలాసార్లు కంటికి కనబడని ఫోల్డర్లో పెట్టుకుంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ డి డ్రైవ్‌లోకి కాపీ చేసి సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టిన సందర్భాల్లో అన్నీ దక్కి ఉత్తరాలొక్కటే పోవడం అందువల్లే.

చరిత్ర

1971లో రే టాంలిన్సన్ ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ మీద ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి ఉత్తరం పంపిన రోజుల్లో, ఉత్తరాలన్నీ పదుగురు పంచుకునే పెద్ద యంత్రంలోనే ఉండేవి. వాటిని టేపు మీదికి ఎక్కించడం ఆ యంత్రాన్ని చూసుకునే సిబ్బంది పని. వాడుకరికి బ్యాకప్ బాధ్యత లేదు.

పర్సనల్ కంప్యూటర్ వచ్చాక ఆ బాధ్యత చేతులు మారింది. 1984లో పోస్ట్ ఆఫీస్ ప్రొటోకాల్ (పాప్) తొలి రూపం వెలువడింది. 1988లో మూడో రూపం పాప్3 వచ్చింది. సర్వర్ మీద ఉన్న ఉత్తరాలను సొంత యంత్రంలోకి దింపుకోవడం, ఆపైన సర్వర్ నుంచి తీసేయడం దాని సహజ పద్ధతి. దింపుకున్న క్షణం నుంచి ఆ ఉత్తరానికి అందుకున్నవారి వైపు ఒకటే ప్రతి, అది వారి హార్డ్‌డిస్క్‌లో. ఇందుకు భిన్నమైన ఐమ్యాప్‌ను స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ 1986లో రూపొందించారు. ఇందులో అసలు ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది, కంప్యూటర్‌లో ఉండేది దాని ప్రతిబింబం.

భారత్‌లో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవలు మొదలుపెట్టింది. టెలిఫోన్ లైను మీద గంటల లెక్కన సాగిన ఆ కనెక్షన్‌కు పాప్ పద్ధతి సరిగ్గా అమరింది: లైను కలపడం, ఉత్తరాలు దింపుకోవడం, లైను తెంచి తీరిగ్గా చదవడం. 1996లో వచ్చిన హాట్‌మెయిల్ వంటి వెబ్ మెయిళ్లు మొదట్లో ఇచ్చిన చోటు రెండు మెగాబైట్ల పాటిది కనుక, ఎక్కువ ఉత్తరాలు దాచుకోవాలంటే సొంత డిస్కే దిక్కయ్యేది. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న ఒక గిగాబైట్ చోటుతో వచ్చినప్పటి నుంచి ఉత్తరాలు మళ్లీ సర్వర్ వైపు మళ్లాయి. అదే ఏడాది చివర్లో పాప్, 2007లో ఐమ్యాప్ సౌకర్యం జీమెయిల్‌కు చేరాయి. పాత ఖాతాలు మాత్రం చాలా కార్యాలయాల్లో పాప్‌లోనే కొనసాగాయి. ఆడిటర్ల దగ్గర, చిన్న పరిశ్రమల్లో పదేళ్ల ఉత్తరప్రత్యుత్తరాలు ఒక్క ఫైలులో ఉండటం అరుదేమీ కాదు.

మూల ఫైలు, నకలు ఫైలు

బ్యాకప్ అవసరాన్ని నిర్ణయించేది ఫైలు పేరో సైజో కాదు, అందులోని ఉత్తరానికి వేరే చోట మరో ప్రతి ఉందా లేదా అన్నది. పాప్ ఖాతా ఫైలు మూలం, అది పోతే అంతా పోయినట్టే. ఐమ్యాప్, మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ (కార్యాలయాల మెయిల్ సర్వర్) ఖాతాల ఫైలు నకలు, పోయినా సర్వర్ నుంచి తిరిగి దిగుతుంది.

ఈ విభజనకు మినహాయింపులున్నాయి, నష్టం ఎక్కువగా జరిగేది వాటి దగ్గరే. ఐమ్యాప్ ఖాతా ఉన్నా, సర్వర్‌లో చోటు చాలక పాత ఉత్తరాలను ‘లోకల్ ఫోల్డర్స్’లోకి లాగితే అవి ఆ కంప్యూటర్‌కే పరిమితం. మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ ప్రోగ్రామ్ ఔట్‌లుక్‌లో 2013 రూపం నుంచి ఐమ్యాప్ ఖాతాతో ఏర్పడే కాంటాక్ట్స్, క్యాలెండర్ ఫోల్డర్ల పేర్ల పక్కన ‘ఈ కంప్యూటర్ మాత్రమే’ అనే అర్థమిచ్చే ఆంగ్ల సూచన ఉంటుంది. అవి సర్వర్‌కు వెళ్లవు. ఖాతా ఐమ్యాప్ కదా అని నిశ్చింతగా ఫార్మాట్ కొట్టినవారికి ఉత్తరాలన్నీ తిరిగి వస్తాయి, ఫోన్ నంబర్లు రావు.

ఫైళ్ల రకాలు

పీఎస్టీ. మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ వాడే వ్యక్తిగత ఫోల్డర్ల ఫైలు. ఉత్తరాలు, కాంటాక్ట్స్, క్యాలెండర్, టాస్క్‌లు అన్నీ ఒకే ఫైలులో ఇమిడి ఉంటాయి. దీనికి రెండు రూపాలున్నాయి. ఔట్‌లుక్ 97 నుంచి 2002 దాకా వాడిన ఆన్సీ (పాత అక్షర సంకేత పద్ధతి) రూపానికి రెండు గిగాబైట్ల హద్దు ఉండేది. హద్దు దాటాక ఫైలు తెరుచుకునేది కాదు. అదనపు భాగాన్ని కోసేసి మిగతాది కాపాడే చిన్న ప్రోగ్రామును అప్పట్లో మైక్రోసాఫ్టే విడుదల చేయాల్సి వచ్చింది. ఔట్‌లుక్ 2003తో వచ్చిన యూనికోడ్ రూపంలో ప్రోగ్రామ్ విధించే పరిమితి 20 గిగాబైట్లు, ఔట్‌లుక్ 2010 నుంచి 50 గిగాబైట్లు. ఫైలు లోపలి నిర్మాణాన్ని మైక్రోసాఫ్ట్ 2010లో బహిరంగంగా ప్రచురించింది. అందువల్ల ఇతర సంస్థల ప్రోగ్రాములు కూడా దీన్ని చదవగలుగుతున్నాయి. పీఎస్టీకి పెట్టే పాస్‌వర్డ్ బలహీనమైనది. దాన్ని తొలగించే ఉపకరణాలు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి దాన్ని రక్షణగా లెక్కించకూడదు.

ఆటోఆర్కైవ్ సౌకర్యం పాత ఉత్తరాలను ‘ఆర్కైవ్’ పేరుతో మరో పీఎస్టీలోకి తరలిస్తుంది. ప్రధాన ఫైలును జాగ్రత్తగా దాచి దీన్ని మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఓఎస్టీ. ఎక్స్ఛేంజ్, మైక్రోసాఫ్ట్ 365 ఖాతాలకూ, ఔట్‌లుక్ 2013 నుంచి ఐమ్యాప్ ఖాతాలకూ ఏర్పడే నకలు ఫైలు. ఇది తనను సృష్టించిన ప్రొఫైల్‌కు కట్టుబడి ఉంటుంది. కొత్తగా వేసిన విండోస్‌లో పాత ఓఎస్టీని తెచ్చి పెట్టినా ఔట్‌లుక్ తెరవదు. కాబట్టి దాన్ని కాపీ చేసి దాచడం దాదాపు వృథా. దానిలోని విషయాన్ని ఫార్మాట్‌కు ముందే ఔట్‌లుక్ నుంచి పీఎస్టీగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఎక్స్‌పోర్ట్‌లో వచ్చేది కంప్యూటర్‌లో ఉన్నంత మేరకే. ఎక్స్ఛేంజ్ ఖాతాల్లో ‘ఇన్ని నెలల ఉత్తరాలు ఆఫ్‌లైన్‌లో ఉంచు’ అనే అమరిక 12 నెలల వద్ద ఉంటే అంతకన్నా పాతవి ఓఎస్టీలో ఉండవు.

డీబీఎక్స్. పాత విండోస్‌తో వచ్చిన ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఐదు, ఆరు రూపాల్లోని ఫైలు. పేరులో పోలిక ఉన్నా ఔట్‌లుక్‌కూ దీనికీ నిర్మాణంలో సంబంధం లేదు. ఇన్‌బాక్స్‌కు ఒకటి, పంపినవాటికి ఒకటి, ఇలా ఫోల్డర్‌కొక ఫైలు ఉండేది. చిరునామాలు డబ్ల్యూఏబీ అనే వేరే ఫైలులో, వేరే చోట ఉండేవి. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసినా, పాత డిస్కుల్లో ఈ ఫైళ్లు ఇప్పటికీ బయటపడుతుంటాయి.

ఎంబాక్స్. యూనిక్స్ కాలం నుంచి వస్తున్న సాదా పాఠ్య రూపం. ఒక ఫోల్డర్లోని ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో వరుసగా ఉంటాయి. ప్రతి ఉత్తరం ‘ఫ్రమ్’ అనే మాటతో మొదలయ్యే పంక్తితో ఆరంభమవుతుంది. ఉత్తరం లోపల ఏ పంక్తయినా అదే మాటతో మొదలైతే దాని ముందు ఒక గుర్తు చేర్చి వేరుచేస్తారు. మొజిల్లా థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ప్రధానంగా దీన్నే వాడుతుంది. గూగుల్ టేకౌట్ నుంచి జీమెయిల్‌ను దింపుకున్నా ఇదే రూపంలో వస్తుంది. ప్రత్యేక ప్రోగ్రామ్ ఏదీ లేకపోయినా నోట్‌ప్యాడ్ వంటిదానితో తెరిచి పాఠాన్ని చూడగలగడం వల్ల, దీర్ఘకాల నిల్వకు ఇది పీఎస్టీ కన్నా నమ్మకమైనది.

ఈఎంఎల్ రూపంలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. విండోస్ విస్టాలోని విండోస్ మెయిల్ దీన్ని వాడింది. మ్యాక్‌లోని మెయిల్ ప్రోగ్రామ్ 2005లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టైగర్ నుంచి దీనికి దగ్గరి రూపమైన ఈఎంఎల్ఎక్స్ వాడుతోంది. సర్వర్లలో కనిపించే మెయిల్‌డిర్ కూడా ఉత్తరానికొక ఫైలు పద్ధతే. దాన్ని క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ కోసం డేనియల్ బెర్న్‌స్టీన్ రూపొందించారు.

ఫైళ్లు ఉండే చోట్లు

విండోస్‌లో వాడుకరి పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్ ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో దాచిన ఫైళ్లు చూపించమని చెప్తే తప్ప అది కనిపించదు. ఔట్‌లుక్ 2007, అంతకుముందరి రూపాల పీఎస్టీ, అన్ని రూపాల ఓఎస్టీ ఇందులోని లోకల్ విభాగంలో, మైక్రోసాఫ్ట్ కింద ఔట్‌లుక్ ఫోల్డర్లో ఉంటాయి. ఔట్‌లుక్ 2010 నుంచి కొత్త పీఎస్టీలు డాక్యుమెంట్స్‌లోని ‘ఔట్‌లుక్ ఫైల్స్’ ఫోల్డర్లో ఏర్పడతాయి. పాత రూపం నుంచి అప్‌గ్రేడ్ అయినవి మాత్రం పాత చోటే ఉండిపోతాయి. ఊహ మీద ఆధారపడకుండా ఔట్‌లుక్‌లోనే అకౌంట్ సెట్టింగ్స్, డేటా ఫైల్స్ అనే పట్టిక చూడటం ఖాయమైన మార్గం. తెరిచి ఉన్న ప్రతి ఫైలూ, దాని పూర్తి దారీ అక్కడ కనిపిస్తాయి.

సంతకాలు యాప్‌డేటాలోని రోమింగ్ విభాగంలో సిగ్నేచర్స్ అనే ఫోల్డర్లో ఉంటాయి. చిరునామా టైపు చేస్తుంటే పేరు అందించే జాబితా ఔట్‌లుక్ 2007 వరకు ఎన్‌కే2 అనే విడి ఫైలులో ఉండేది. ఖాతా వివరాలు రిజిస్ట్రీలో ఉంటాయి కనుక పీఎస్టీతో పాటు రావు. రూల్స్‌ను విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి.

థండర్‌బర్డ్‌లో ఉత్తరాలు, చిరునామాలు, పాస్‌వర్డ్‌లు, సెట్టింగులు అన్నీ ఒకే ప్రొఫైల్ ఫోల్డర్లో ఉంటాయి. విండోస్‌లో అది రోమింగ్ విభాగంలోనూ, లినక్స్‌లో హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లోనూ ఉంటుంది. ఆ ఒక్క ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేస్తే బ్యాకప్ పూర్తయినట్టే. ఈ విషయంలో థండర్‌బర్డ్ ఏర్పాటు ఔట్‌లుక్ కన్నా ఎంతో సూటిగా ఉంది. మ్యాక్ మెయిల్ ఫైళ్లు వాడుకరి లైబ్రరీ ఫోల్డర్లో ఉంటాయి. టైమ్ మెషీన్ బ్యాకప్‌లో అవి వాటంతటవే చేరతాయి.

బ్యాకప్ తీసే పద్ధతి

మెయిల్ ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసిన తర్వాతే ఫైలు కాపీ చేయాలి. తెరిచి ఉన్న పీఎస్టీని విండోస్ కాపీ చేయనివ్వకపోవచ్చు, చేసినా సగం రాసిన స్థితిలో ఉన్న ప్రతి రావచ్చు. కిటికీ మూసినా కొన్నిసార్లు ప్రోగ్రామ్ వెనుక నడుస్తూనే ఉంటుంది కాబట్టి టాస్క్ మేనేజర్‌లో చూసుకోవడం మంచిది.

పెన్‌డ్రైవ్‌లలో మామూలుగా ఉండే ఫ్యాట్32 అమరిక నాలుగు గిగాబైట్లు దాటిన ఫైలును తీసుకోదు. డ్రైవ్‌లో ఎంతో ఖాళీ ఉన్నా ఫైలు మరీ పెద్దదన్న సందేశం వచ్చేసరికి చాలామంది తికమక పడతారు. డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లోకి గానీ ఎన్‌టీఎఫ్ఎస్‌లోకి గానీ మార్చుకోవాలి. డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌తో అనుసంధానమై ఉంటే పీఎస్టీ కూడా క్లౌడ్‌లోకి పోతూ ఉంటుంది. నిరంతరం మారే పెద్ద ఫైలు కావడంతో అది ఆలస్యానికీ లోపాలకూ దారితీస్తుంది. మైక్రోసాఫ్ట్ కూడా పీఎస్టీని వన్‌డ్రైవ్ నుంచి తీసేయమనే చెబుతుంది. నెట్‌వర్క్ డ్రైవ్ మీద పెట్టి అక్కడి నుంచే వాడటానికీ మైక్రోసాఫ్ట్ మద్దతు లేదు. కాపీ దాచుకోవడానికి నెట్‌వర్క్ పనికొస్తుంది, పని చేసుకోవడానికి కాదు.

అదే డిస్కులోని డి డ్రైవ్ ఫార్మాట్ నుంచి కాపాడుతుంది గానీ డిస్క్ చెడిపోవడం నుంచి కాపాడదు. పార్టిషన్లు మార్చే సమయంలో పొరపాటున డి డ్రైవ్ కూడా చెరిగిపోయే అవకాశం ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అనే సూత్రాన్ని ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చారు. అది ఉత్తరాలకూ వర్తిస్తుంది. తీసిన కాపీని మరో కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి, ఫోల్డర్లలోని ఉత్తరాల సంఖ్యను అసలుతో పోల్చుకున్నాకే ఫార్మాట్‌కు దిగాలి.

విండోస్ అసలే తెరుచుకోని స్థితిలో హార్డ్‌డిస్క్‌ను విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలించి గానీ, పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్‌తో గానీ ఫైళ్లు తీయవచ్చు. పాత వాడుకరి ఫోల్డర్ అనుమతి లేదని అడ్డుపడితే దాని యాజమాన్యాన్ని కొత్త వాడుకరి పేరు మీదికి మార్చాలి. డిస్క్‌కు బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఉంటే రికవరీ కీ లేకుండా ఏమీ చేయలేరు.

పునరుద్ధరణ

ఔట్‌లుక్‌లో పాత పీఎస్టీని రెండు విధాలుగా తేవచ్చు. ఓపెన్ చేస్తే ఫైలు ఉన్నది ఉన్నట్టుగా పక్క పట్టీలో చేరుతుంది. ఇంపోర్ట్ చేస్తే అందులోని ఉత్తరాలు కొత్త ఫైలులోకి కాపీ అవుతాయి. మొదటిది వేగమైనది, నష్టభయం లేనిది. తెరిచిన పాత ఫైలునే డిఫాల్ట్‌గా నిర్ణయించి, కొత్త ఉత్తరాలు అందులోకే చేరేలా అమర్చుకుంటే రీఇన్‌స్టాల్‌కు ముందున్న స్థితి దాదాపు యథాతథంగా తిరిగొస్తుంది. తెరిచే ముందు ఫైలును బయటి డ్రైవ్ నుంచి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలి.

పాప్ ఖాతాలో సర్వర్ మీద కూడా ప్రతి ఉంచమని ఎంచుకున్నవారికి రిస్టోర్ తర్వాత ఉత్తరాలు రెండేసి కనిపించవచ్చు. ప్రతి ఉత్తరానికి సర్వర్ ఒక ప్రత్యేక గుర్తింపు ఇస్తుంది, దింపుకున్నవాటి గుర్తింపులను ప్రోగ్రామ్ గుర్తుంచుకుంటుంది. కొత్త ప్రొఫైల్‌కు ఆ జ్ఞాపకం లేదు కాబట్టి అన్నింటినీ మళ్లీ దింపుతుంది.

సీడీ మీద దాచిన ఫైళ్లను విండోస్ ఎక్స్‌పీ కాలంలో తిరిగి కాపీ చేస్తే వాటికి ‘రీడ్ ఓన్లీ’ లక్షణం అంటుకునేది. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అలాంటి డీబీఎక్స్‌లను తీసుకోదు, ఔట్‌లుక్ అలాంటి పీఎస్టీని తెరవదు. ఫైలు ప్రాపర్టీస్‌లో ఆ టిక్కు తీసేస్తే సరిపోతుంది. ఈ చిన్న సంగతి తెలియక మంచి బ్యాకప్‌ను పాడైందనుకుని పారేసినవారున్నారు. పాత సీడీలు ఉన్నవాళ్లు మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

థండర్‌బర్డ్‌లో ప్రోగ్రామ్‌ను మూసి, కొత్త ప్రొఫైల్ ఫోల్డర్లోని వాటి స్థానంలో పాతవాటిని పెడితే ఖాతాలతో సహా అన్నీ తిరిగొస్తాయి. కొత్తగా వేసిన రూపం పాతదానికన్నా వెనుకటిది కాకూడదు. కొత్త రూపంలో వాడిన ప్రొఫైల్‌ను పాత రూపం తెరవదు. ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే ఎంఎస్ఎఫ్ అనే సూచిక ఫైలును తొలగిస్తే చాలు, తిరిగి తెరిచినప్పుడు అది కొత్తగా తయారవుతుంది. ఉత్తరాలు పక్కనున్న ఎంబాక్స్‌లో భద్రంగా ఉంటాయి.

పాడైన, చెరిగిన ఫైళ్లు

పీఎస్టీ దెబ్బతింటే ఔట్‌లుక్‌తో పాటే వచ్చే స్కాన్‌పీఎస్టీ అనే ఇన్‌బాక్స్ మరమ్మతు ఉపకరణం వాడతారు. అది ఫైలులోనే మార్పులు చేస్తుంది కాబట్టి ముందు ఒక ప్రతి పక్కన పెట్టాలి.

బ్యాకప్ లేకుండా విండోస్ వేసినా, డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకపోతే పాత ఫైళ్లు ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్లోకి చేరతాయి. విండోస్ 10, 11లలో అప్‌గ్రేడ్ తర్వాత పది రోజులకు అది దానంతటదే తొలగిపోతుంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగియడంతో విండోస్ 11కు మారినవారు ఈ గడువును గమనించాలి. పూర్తిగా ఫార్మాట్ అయిన పాత తరహా హార్డ్‌డిస్క్ నుంచి, దాని మీద మళ్లీ ఏమీ రాయకుండా ఆపేస్తే, రికవరీ ప్రోగ్రాములతో కొంత దొరకవచ్చు. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనే ప్రక్రియ ఖాళీ అయిన చోటును తుడిచేస్తుంది కాబట్టి ఆశ తక్కువ.

సర్వర్‌లోని ఉత్తరాలకూ ప్రమాదం లేకపోలేదు. 2011 ఫిబ్రవరి చివర్లో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల జీమెయిల్ వాడుకరుల్లో సుమారు 0.02 శాతం మందికి ఉత్తరాలన్నీ మాయమయ్యాయి. ఆన్‌లైన్‌లోని నకళ్లన్నింటికీ ఆ లోపం సోకింది. గూగుల్ వాటిని టేపుల మీది ప్రతుల నుంచి తిరిగి తెచ్చింది.

న్యాయపరమైన ప్రాముఖ్యం

ఈమెయిల్ కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. పూర్వపు సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ స్థానంలో, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులకు ధ్రువపత్రం కోరుతుంది. అందులో ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి. వ్యాజ్యానికి అవకాశమున్న ఉత్తరాలను మరొకరికి ఫార్వర్డ్ చేసి దాచడం కన్నా, అసలు ఫైలును పీఎస్టీ లేదా ఈఎంఎల్ రూపంలో ఉంచడం మేలు. ఏ సర్వర్ల మీదుగా, ఏ సమయానికి వచ్చిందో చెప్పే శీర్షిక భాగం ఫార్వర్డ్‌లో నిలవదు.

తెలుగు ఉత్తరాల విషయం

రీఇన్‌స్టాల్ తర్వాత ఫైలు క్షేమంగా తెరుచుకున్నా తెలుగు చదవలేని స్థితి రావచ్చు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో టైపు చేసిన అటాచ్‌మెంట్లు ఆ ఫాంట్లు లేకపోతే గజిబిజి అక్షరాలుగా కనిపిస్తాయి. ఫాంట్లు సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్లో ఉంటాయి కాబట్టి ఫార్మాట్‌లో అవీ పోతాయి. పత్రికా కార్యాలయాలు, డీటీపీ కేంద్రాలు ఉత్తరాలతో పాటు ఫాంట్లనూ దాచాలి. యూనికోడ్‌లో రాసిన ఉత్తరాలకు విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది. అయితే కంట్రోల్ ప్యానెల్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్‌ల మద్దతును విడిగా చేర్చుకుంటేనే గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కూడేవి. కొత్త విండోస్‌లో ఆ పని అక్కర్లేదు. నిర్మలా ఫాంటు ముందే ఉంటుంది, గౌతమిని అవసరమైతే చేర్చుకోవచ్చు.

ఆన్సీ పీఎస్టీల ఇబ్బంది వేరు. ఆన్సీ కోడ్ పేజీల్లో తెలుగుకు చోటు లేదు. అలాంటి ఫైలులోకి చేరిన తెలుగు విషయ శీర్షికలు, పేర్లు ప్రశ్నార్థకాల వరుసలుగా మారతాయి. ఆన్సీ ఫైలును ఉన్నచోటే యూనికోడ్‌గా మార్చే వీలులేదు. కొత్త యూనికోడ్ పీఎస్టీ తయారుచేసి, ఉత్తరాలను అందులోకి కాపీ చేసుకోవాలి. అలా చేసినా ముందే ప్రశ్నార్థకాలైనవి అక్షరాలుగా మారవు. ఆ ఉత్తరం పంపినవారి దగ్గర, సెంట్ ఐటమ్స్‌లో యూనికోడ్ ప్రతి మిగిలి ఉంటే అక్కడి నుంచి తెప్పించుకోవాలి.